దేవీనా తెచ్చిన పాట

పోయిన నెల దేవీనా వచ్చింది, మారిషస్ నుంచి, కూతురిని వెంటబెట్టుకుని. బెంగళూరు సర్జాపుర రోడ్డులోని మా ఫ్లాట్ గుమ్మం బయట చెప్పులు విడిచి, పలకరింపులు కూడా పూర్తికాకముందే బాత్‌రూమ్ ఎక్కడని అడిగి, కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుంది. "కడుక్కోకుంటే అవ్వ తిడతాది కదా" అంది. నా కోడలు వింతగా చూసింది. మా ఇంట్లో ఆ అలవాటు ఎప్పుడు పోయిందో నాకే గుర్తు లేదు. మా అవ్వ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆమె తిట్లకు భయపడే మనిషి ఈ భూమ్మీద ఇంకా ఒకరున్నారని ఆ రోజే తెలిసింది. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

వాళ్ళ నాన్న పోయాడట, ఈ ఏడు మొదట్లో. ఆ కార్యాలన్నీ అయ్యాక దేవీనాకి ఉన్నట్టుండి కాటన్‌పేటలోని మా పాత ఇల్లు చూడాలనిపించిందట. "అక్కడ ఇల్లు లేదే" అని ఫోన్‌లోనే చెప్పాను. "ఇల్లు లేకపోతే వీధి ఉంటాది కదా" అంది. మరునాడు క్యాబ్ చేసుకుని ముగ్గురం వెళ్ళాం. మా ఇల్లు ఉన్నచోట సంచులూ సూట్‌కేసులూ టోకున అమ్మే నాలుగంతస్తుల దుకాణం ఉంది. వీధి ఉంది గానీ నిలబడడానికి చోటు లేదు. ఒక లారీ వెనక్కి వస్తుంటే పక్కకు జరిగాం, ఒక స్కూటర్ ముందుకు వస్తుంటే ఇంకో పక్కకు జరిగాం. దేవీనా తలెత్తి మొదటి అంతస్తు వైపు చూపించి, కూతురితో "నా గది ఇంచుమించు అక్కడ గాల్లో ఉండేది" అంది. ఆ పిల్ల మర్యాదగా చూసింది. పిల్లలకు గాలి చూపిస్తే ఏం కనబడుతుంది పాపం.

మాది దూది వ్యాపారం. ముందు భాగంలో మండీ, వెనక ఇల్లు, పైన ఒక గది. ఏ కాలంలో చూసినా ఇంట్లో దూది పీచు ఎగురుతూనే ఉండేది. పప్పులో దూది, పాలల్లో దూది, అవ్వ నెరిసిన జుట్టులో దూది ఏదో జుట్టు ఏదో తెలిసేది కాదు. పక్కింట్లో అగరుబత్తీలు చుట్టేవాళ్ళు కాబట్టి మా దూదికి కూడా గంధం వాసన అంటుకునేది. మా తాతముత్తాతలు ఎప్పుడో అనంతపురం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, లెక్కల్లో రెండూ. మాట్లాడడం తెలుగే కానీ చదువుకున్నది కన్నడం బళ్ళలో. తాత ఒక్కడికే తెలుగు అక్షరాలు వచ్చేవి, ఆయన పోయాక ఇంట్లో తెలుగు పుస్తకం విప్పేవాళ్ళు లేరు.

దేవీనా పై గదిలోకి అద్దెకు వచ్చేటప్పటికి నేనూ దాని ఈడు ఆడపిల్లనే, బీకాం మొదటి ఏడు చదువుతున్నాను. విదేశీ విద్యార్థులకు చోటు లేదని కాలేజీవాళ్ళు చేతులెత్తేస్తే, మా నాయనకు తెలిసిన గుమాస్తా ఒకాయన, "తెలుగు పిల్లే, మీ ఇంట్లో అయితే భద్రంగా ఉంటుంది" అని చెప్పాడు. తెలుగు పిల్ల అనేసరికి అవ్వ మెత్తబడింది. సముద్రం అవతల పుట్టిన మన బిడ్డ అని ఒబ్బట్లు చేయించింది. ఆటోలోంచి మెడ దాకా కత్తిరించిన జుట్టుతో, జీన్స్ ప్యాంటుతో, తన ఎత్తు పెట్టెతో ఒక పిల్ల దిగింది. అవ్వ ఎదురెళ్ళి "బాగుండావా పాపా? దావలో ఏమన్నా తింటివా?" అని అడిగింది. ఆ పిల్ల చేతులు జోడించి ఇంగ్లీషులో గుడ్ మార్నింగ్ అంది.

అవ్వ నాయన వైపు తిరిగింది. "తెలుగు బిడ్డ అంటివి కదప్పా?"

"తెలుగు బిడ్డేనమ్మా. మాటలు రావు, అంతే."

"మాటలు రాకుంటే తెలుగు ఎట్లవుతాదప్పా? సుమ్నే, ఊరికే చెప్తావు నువ్వు" అని అవ్వ ఒబ్బట్లు మాత్రం పెట్టింది.

పేరు దేవీనా అప్పలమ్మ. అప్పలమ్మ ఇంటిపేరట. చెరుకు తోటల్లో పనికి వాళ్ళ పూర్వీకురాలు ఒకామె విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి ఆ దీవిలో దిగినప్పుడు, ఆమె చెప్పిన పేరే వంశం మొత్తానికి ఇంటిపేరై కూర్చుంది. మా వీధి పిల్లలు అప్పడానికి కన్నడం మాట పట్టుకుని హప్పళం అని పిలిచి ఏడిపించేవాళ్ళు. వాళ్ళింట్లో మాట్లాడుకునేది ఫ్రెంచి కలిసిన ఆ దీవి భాష. తెలుగు బళ్ళో ఒక పాఠంగా నేర్చుకుంది కాబట్టి అక్షరాలు మాత్రం గుండ్రంగా రాసేది. మాకు మాట ఉండి అక్షరం లేదు, ఆ పిల్లకు అక్షరం ఉండి మాట లేదు. అవ్వ ఇది కనిపెట్టి, తాత పెట్టెలోంచి పాత వ్రతకథల పుస్తకం తీసి దేవీనా ముందు పెట్టింది. అది కూడబలుక్కుని గట్టిగా చదివేది, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అవ్వ కళ్ళు మూసుకుని వినేది, అంతా అర్థమయ్యేది. శుక్రవారం మధ్యాహ్నాలు ఇదే పని. పక్కన కూర్చున్న నాకు ఒంటరిగా అనిపించి, ఆ అక్షరాలు నాక్కూడా నేర్పమన్నాను. ఇప్పుడు ఇది రాస్తున్న అక్షరాలు ఒక మారిషస్ పిల్ల పలక మీద దిద్దించినవే.

మా ఇంట్లో మాకు కనిపించనివన్నీ దానికి కనిపించేవి. చద్దన్నం దగ్గర నుంచి సిటీ బస్సు దాకా ప్రతిదీ ఆగి చూసేది. వచ్చిన కొత్తలో పక్కింటావిడ "ఊట ఆయ్తా?" అని అడిగితే, భోజనమైందా అని నా చేత అర్థం చెప్పించుకుని, ఏమేం తిన్నదో వరసగా చెప్పి, "పప్పులో ఉప్పు కొంచెం తక్కువైంది" అని కూడా కలిపింది. అది పలకరింపే తప్ప పరీక్ష కాదని చెప్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అన్నం పెట్టేటప్పుడు చాలు అంటే అవ్వ ఇంకో గరిటె వేసేది. వారం తర్వాత దేవీనా నన్ను అడిగింది, "చాలు అంటే ఇంకా కావాలనా?" అని. ఇంచుమించు అంతే అన్నాను. రాగిముద్దను నమలకుండా మింగాలని అమ్మ నేర్పితే, అది కళ్ళు గట్టిగా మూసుకుని మాత్ర మింగినట్టు మింగేది. చెంబు ఎత్తి నీళ్ళు గొంతులో పోసుకోవడం నేర్చుకునేలోపు దాని చొక్కాలన్నీ ముందువైపు తడిసి ఉండేవి.

అన్నిటికంటే పెద్ద గొడవ థ్యాంక్స్‌తో. నీళ్ళిస్తే థ్యాంక్స్, పక్కకు జరిగితే థ్యాంక్స్. అవ్వ కొన్నాళ్ళు ఓర్చుకుని ఒకరోజు మొహం మాడ్చుకుంది. "ఏందే ఇది, ముద్ద పెడితే థ్యాంక్స్, నీళ్ళు పోస్తే థ్యాంక్స్. నేనేమన్నా హోటలు పెట్టుకోనుండానా? పరాయిదాన్నా నేను?" నేను ఆ మాట దేవీనాకి చెప్పాను. అది చాలాసేపు ఆలోచించి, "మరి మీరు సంతోషం ఎలా చెబుతారు?" అని అడిగింది. అమ్మ, "ఇంకొంచెం పెట్టమని అడిగితే చాలు" అంది. ఆ రోజు నుంచి దేవీనా కడుపు నిండినా ఇంకొంచెం అడిగేది, అలా అడిగి అడిగి బాగా లావైంది.

ఆరు నెలలు తిరిగేసరికి దాని నోట కాటన్‌పేట తెలుగు దిగింది. "అవ్వా, నీళ్ళు ఉండాదా?" అని మెట్ల మీద నుంచి అరిచేది. కొళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి కాబట్టి ఆ ఇంట్లో ముందుగా నేర్చుకోవలసిన మాట అదే. బయటికి వెళ్ళేటప్పుడు "పోతా" అనకూడదని, "పోయొస్తా" అనాలని అవ్వ నేర్పిన రోజున మాత్రం అది ఎందుకో కన్నీళ్ళు పెట్టుకుంది. వాళ్ళ దీవిలో విమానం ఎక్కేటప్పుడు నాన్నకు తాను అలా చెప్పలేదని అంది.

అప్పుడే నాకు సంగతి చెప్పింది. వాళ్ళ నాన్న దాన్ని లండన్‌కో పారిస్‌కో పంపించే వీలున్నా బెంగళూరుకి పంపడానికి ఒక కారణం ఉంది. వాళ్ళింట్లో ఒక తెలుగు పాట ఉంది. ముత్తవ్వల నాటిది. శనివారం దీపం పెట్టి దాని ముందు పాడతారు, ఇంట్లో ఎవరైనా పోతే శవం దగ్గర కూర్చుని పాడతారు. దేవీనా వాళ్ళమ్మ పోయినప్పుడూ పాడారు. మాటలన్నీ నోటికి వచ్చు, అర్థం ఒక్కరికీ తెలియదు. బళ్ళో తెలుగు చెప్పే ఆయన్ని అడిగితే, "ఇది పుస్తకాల్లో ఉండే తెలుగు కాదు, పాతకాలపు పల్లె మాట" అని తప్పుకున్నాడట. "చదువు ఎక్కడైనా వస్తుంది. నువ్వు మాత్రం మనం ఏం పాడుతున్నామో తెలుసుకుని రా. నేను పోయే లోపల తెలియాలి" అన్నాడట ఆయన.

"మరి ఇన్నాళ్ళూ అడగలేదెందుకే?" అన్నాను.

"అది ఊరికే పాడకూడదు. దీపం ఉండాలి, లేకపోతే చావు ఉండాలి" అంది. అదీగాక సిగ్గు. చుట్టూ గలగలా తెలుగు మాట్లాడేవాళ్ళ మధ్య తాను నోరు తెరిచి పాడడం. చివరికి వాళ్ళమ్మ సంవత్సరీకం వచ్చింది. ఇంటికి వెళ్ళలేనని అది దిగులుపడుతుంటే అవ్వ, "ఈడ చేసుకుందాం. అమ్మ యాడున్నా అమ్మే కదా" అంది. పడసాలలో పీట వేసి, ఫోటో పెట్టి, ఆకులో వడ్డించి, దీపం వెలిగించింది. నాయన మండీలో ఉన్నాడు. అవ్వ, అమ్మ, నేను కూర్చున్నాం. దేవీనా తల మీద చున్నీ కప్పుకుని, కళ్ళు మూసుకుని, గుండె బరువెక్కే రాగంలో, ఒక్కొక్క మాట సాగదీస్తూ మొదలుపెట్టింది.

"ఆకు నిండా వడ్డిస్తే అరిసెలన్నీ ఏమాయె
వియ్యాల వదినా, ఓ వియ్యాల వదినా
నోటనొకటి, చేతనొకటి, కొంగు చాటున గంపెడు
చూసినామే వదినా, మేము చూసినామే వదినా"

మొదటి వరస నాకు ఎక్కలేదు, అంత నెమ్మదిగా ఉంది. రెండో వరసకు అమ్మ నా వైపు చూసింది. మూడో వరసకు చీర చెంగు నోట్లో కుక్కుకుని, పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పరిగెత్తింది. పొయ్యి మీద ఏమీ లేదు. అది పెళ్ళిలో ఆడపెళ్ళివారు పెళ్ళికొడుకు తల్లిని ఆటపట్టించే పాట. వియ్యపురాలు అరిసెలు దొంగిలించి కొంగులో మూట కట్టిందని చప్పట్లు కొడుతూ ఎకసెక్కం చేసే పాట. అవ్వ ఒక్కతే కదలకుండా కూర్చుంది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. దేవీనా పాట ముగించి కళ్ళు తెరిచి, ఆ కన్నీళ్ళు చూసి, అవ్వ పాదాలకు దండం పెట్టింది. "ఇది ఏ దేవుడి మీద, అవ్వా? వదిన అంటే అమ్మవారు అని మా నాన్న అంటాడు. కష్టం వస్తే వదినా అని మొక్కుకుంటాడు."

అవ్వ, "ముందు ముద్ద తిను పాపా, చెప్తా" అంది.

వంటింట్లో అమ్మ గుసగుసగా వాదన పెట్టుకుంది. "ఏదో ఒక దేవుని పాట అని చెప్పేద్దాం అత్తా. తల్లి శవం కాడ పాడినారంట, అరిసెల దొంగ పాట అని ఏ నోటితో చెప్పల్ల? ఆ ముసలాయన దండం పెట్టుకుంటాండాడంట. మనకేం పోతాది?" నాకూ అమ్మ చెప్పిందే సబబనిపించింది. నిజం చెబితే ఎవరికి లాభం? అవ్వ గిన్నె కడిగి బోర్లించి, "బిడ్డను అంత దూరం పంపింది మన అబద్ధం వినేదానికా?" అని పడసాలలోకి వెళ్ళింది.

దేవీనాని పక్కన కూర్చోబెట్టుకుని, దూది తీసి ఒత్తులు చేస్తూ, అవ్వ మొత్తం చెప్పింది. అర్థం కానిచోట నేను ఇంగ్లీషులో అందించాను. వదిన ఎవరో, అరిసెలంటే మన కజ్జాయాలేనని, కొంగులో గంపెడు ఎలా దాస్తారో, అంతా. దేవీనా మొహం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. "మా అమ్మ పోయిన రోజు నలభై మంది ఏడుస్తూ దీన్ని పాడారు" అంది.

"పాడితే పాడినారు, తప్పేముండాది?" అంది అవ్వ. "నేనొకటి చెప్తా విను. ఆ పాట మోసుకొచ్చిన ఆయమ్మ ఉండాది చూడు, ఆయమ్మకు ఆడ మొగుడు పోయింటాడు. మొగుడు పోయినాక మమ్మల్ని పెండ్లి పందిట్లో పాడనియ్యరు పాపా. ముందరికే రానియ్యరు. అయితే నోరు ఊరుకుంటాదా? సాయంకాలం దీపం ముందర కూర్చోని మెల్లిగా పాడుకునింటాది, ఎవరికీ వినపడకుండా. పిల్లోళ్ళు చూసి, అవ్వ దేవుని పాట పాడతాంది అనుకునింటారు."

"ఇదంతా నీకెట్ల తెలుసు అవ్వా?" అన్నాను నేను.

"నేను దినామూ ఒత్తులు చేస్తా పాడుకునేది ఏమనుకుంటివి నువ్వు?"

అమ్మ వంటింటి గడపలోనే ఆగిపోయింది. తాత పోయినప్పటి నుంచి అవ్వ రోజూ దీపం ముందు ఏదో కూనిరాగం తీసేది, మేమంతా గోవింద నామాలనుకునేవాళ్ళం. అవ్వ గోవిందా అంటోంది, గొడవ చేయకండి అని అమ్మ మమ్మల్ని కసిరేది కూడా. ఒకప్పుడు కాటన్‌పేట నుంచి చిక్కపేట దాకా ఏ పెళ్ళి జరిగినా వియ్యపురాలి పాటలకు అవ్వనే పిలిచేవాళ్ళని, ఆమె నోటికి భయపడి మగపెళ్ళివారు ముందే బతిమాలుకునేవాళ్ళని మాకు ఆ రోజు దాకా తెలియదు. తెలుసుకోవాలని మాకు తోచనూ లేదు.

దేవీనా మాత్రం తేరుకోలేదు. రెండు రోజులు ఇంకొంచెం అని అడగలేదు. ఆదివారం నాన్నకు ఫోన్ చేయాలి. "అవ్వ చెప్పింది అవ్వ ఊహ. మా ముత్తవ్వ సంగతి అవ్వకేం తెలుసు? మా నాన్నకు ఆ పాట తప్ప ఇక్కడిది ఏమీ లేదు. దాన్ని ఎలా తీసేసుకోను?" అని నా దగ్గర ఏడ్చింది. అవ్వను అడిగితే, "నీ ఇష్టం పాపా. నువ్వు చెప్పకుంటే మేమూ నోరెత్తం. పోయే ముందర మాత్రం కడుపు నిండా తినిపో" అంది.

వీధి మలుపులో ఎస్టీడీ బూత్ ఉండేది. ఆదివారం మధ్యాహ్నం నేనూ దేవీనా బయల్దేరుతుంటే అవ్వ కూడా చెప్పులేసుకుంది. గుడికి, ఆసుపత్రికి తప్ప గడప దాటని మనిషి. అద్దాల గదిలో ముగ్గురం ఇరుక్కున్నాం. దేవీనా రిసీవర్ పట్టుకుని వాళ్ళ భాషలో మాట్లాడింది. మొదట బాగోగులు కాబోలు. తర్వాత గొంతు సన్నబడింది. చెబుతోందని నాకు అర్థమైంది, ఎందుకంటే మధ్యలో "వదినా" అని వినబడింది. చెప్పడం అయిపోయింది. అటు నుంచి ఏమీ లేదు. దేవీనా పెదవి కొరుక్కుంటూ నిలబడింది. లైను పోయిందేమోనని నేను అద్దంలోంచి బూత్ యజమాని వైపు చూశాను, ఉంది అన్నట్టు తలూపాడు.

తర్వాత ఆయన ఏదో అడిగాడు. దేవీనా మా వైపు తిరిగి, ఏడవాలో నవ్వాలో తెలియని మొహంతో, "అరిసెలు ఎలా ఉంటాయి, తియ్యగా ఉంటాయా అని అడుగుతాండాడు" అంది.

"తియ్యగుంటాయని చెప్పు, బెల్లం వేస్తారని చెప్పు" అంది అవ్వ తొందర తొందరగా.

చెప్పింది. ఈసారి రిసీవర్‌లోంచి చిన్న శబ్దం మొదలై పెద్దదైంది. ఆయన నవ్వుతున్నాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నవ్వి నవ్వి ఒక మాట అన్నాడు. దేవీనా దాన్ని ముందు ఇంగ్లీషులో, తర్వాత వచ్చీరాని తెలుగులో అవ్వకు చెప్పింది. "మా వాళ్ళు ఓడలో ఏడుస్తా వచ్చినారనే మేము అనుకుంటిమి. ఏడుపు పాట ఒకటే తెచ్చుకున్నారని అనుకుంటిమి. నవ్వేది కూడా తెచ్చుకున్నారా, అంటాండాడు."

అవ్వ చెయ్యి చాపింది. ఆమె జన్మలో అంతకు ముందు ఫోన్ పట్టుకోగా నేను చూడలేదు. రిసీవర్ తలకిందులుగా పట్టుకుంటే నేను సరిచేశాను. "ఏమప్పా వియ్యంకుడా, బాగుండావా? ఇది ఎట్ల పాడల్లనో ఇప్పుడు విను" అని, రిసీవర్ నా చేతికిచ్చి నోటి దగ్గర పట్టుకోమని, రెండు చేతులూ చరుస్తూ ఎత్తుకుంది. ఆ వేగం, ఆ గడుసుతనం, "చూసినామే వదినా" దగ్గర గొంతులో ఆ వెటకారం. పక్కన నిలబడింది మా అవ్వేనా అనిపించింది. బయట క్యూలో ఉన్నవాళ్ళు అద్దానికి మొహాలు ఆనించి చూశారు. రిసీవర్‌లోంచి, సముద్రం అవతల నుంచి, చప్పట్లు కలిశాయి. తాళం తప్పుతూ, ఆలస్యంగా.

ఆ మొదటి ఎండాకాలం సెలవులకు వెళ్ళేటప్పుడు దేవీనా పెట్టె నిండా కజ్జాయాలు తీసుకెళ్ళింది. చదువు ముగించి, మా ఇంట్లో పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ తిరిగి, ఒకరోజు మళ్ళీ పెట్టె సర్దుకుని, గడపలో నిలబడి "పోయొస్తా" అని వెళ్ళిపోయింది. అవ్వ పందిట్లో మాత్రం మళ్ళీ ఎప్పుడూ పాడలేదు. అడిగినవాళ్ళు లేరు. ఇంట్లో ఒత్తులు చేస్తూ గట్టిగానే పాడుకునేది, మేము చుట్టూ చేరి చప్పట్లు కొట్టేవాళ్ళం. అంతే ఆమెకు దక్కింది.

ఇప్పుడు బెంగళూరులో తెలుగుకు కొదవ లేదు. మా లిఫ్ట్‌లో నలుగురు ఎక్కితే ఇద్దరు తెలుగువాళ్ళే. మారతహళ్ళిలో బస్సు దిగితే బోర్డులే తెలుగులో ఉంటాయి. అప్పట్లో మేము తెలుగు తలుపేసుకుని మాట్లాడుకునేవాళ్ళం, ఇప్పుడు ఎలివేటర్‌లోనే గట్టిగా ఫోన్‌లో మాట్లాడుకుంటారు. బాగుంది. ఆ రోజులే మంచివని నేను అనను, ఆ రోజుల్లో మా అవ్వ నోరు కట్టేసుకుని బతికింది. కానీ ఈ రోజులు ఎంత మారాయని ఎవరైనా అంటే నేను కాస్త ఆగుతాను. మా ఆయన పోయి మూడేళ్ళయింది. మొన్న మా తమ్ముడి కూతురి పెళ్ళి జరిగింది, పెద్ద రిసార్టులో. నేను వెనక వరసలో, స్తంభం పక్క కుర్చీలో కూర్చున్నాను. అక్కడ కూర్చోమని నాకు ఎవరూ చెప్పలేదు. ముందుకు రమ్మని కూడా ఎవరూ అనలేదు. పందిట్లో డీజే మోగుతోంది, వియ్యపురాలు తింటే అడిగేవాళ్ళు లేరు.

కాటన్‌పేట నుంచి వచ్చిన సాయంత్రం బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతున్నాం. దేవీనా వాళ్ళ నాన్న సంగతులు చెప్పింది. చివరి రోజుల్లో ఆయన పాటను అవ్వ పాడినట్టే పాడమనేవాడట. ఆయన శవం దగ్గర దాన్ని నెమ్మదిగా పాడాలో వేగంగా పాడాలో తేలక, చివరికి రెండు రకాలుగానూ పాడారట. మాటల మధ్యలో దేవీనా కూతురు, ఇరవై ఏళ్ళ అనీషా, నన్ను ఒక ప్రశ్న అడిగింది. "ఆంటీ, మా దగ్గర పెళ్ళిలో ఈ పాటను భర్త పోయినవాళ్ళే మొదలుపెట్టాలి. ముందు వరసలో వాళ్ళకే పీటలు వేస్తారు. మీ అవ్వ దగ్గర నుంచి వచ్చిన ఆచారమని తాతయ్య చెప్పేవాడు. ఇక్కడ కూడా అంతే కదా?"

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఫోన్‌లో పాడింది ఎవరని ఆయన అడిగి ఉంటాడు. ఇంటి పెద్దావిడ, భర్త లేడు అని దేవీనా చెప్పి ఉంటుంది. అయితే దాన్ని పాడే హక్కు వాళ్ళదే కాబోలని ఆయన అనుకుని ఉంటాడు. దేవీనా పెళ్ళిలో భర్త పోయిన తన అక్కను ముందుకు పిలిచి, ఆమె చేతే ఎత్తించి ఉంటాడు. అది చూసి పక్కింటివాళ్ళు, ఆ పక్క ఊరివాళ్ళు. ఇప్పుడు అక్కడ అది శాస్త్రం.

నేను దేవీనా వైపు చూశాను. అది కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళూ దిద్దలేదన్నమాట.

"అవునమ్మా," అన్నాను అనీషాతో. "ఇక్కడా అంతే."

"అయితే నా పెళ్ళికి మీరు రావాలి, ముందు మీరే పాడాలి" అంది ఆ పిల్ల.

వస్తానన్నాను.